లైసెన్సు మనిషికా, సిస్టమ్‌కా?

ప్రశ్న: నమస్కారం సార్. మాది గుంటూరు. నరసరావుపేట రోడ్డులో నాన్నగారు కట్టించిన మిర్చి కోల్డ్ స్టోరేజీ, యార్డులో కమీషన్ షాపు, అరండల్‌పేటలో ఆఫీసు ఉన్నాయి. నాన్నగారికి ఒంట్లో బాగుండక రెండేళ్ళ నుంచి నేనూ తమ్ముడూ చూసుకుంటున్నాం. ఈ సీజన్‌కల్లా అన్నిటికీ కలిపి కోల్డ్ స్టోరేజీలోనే ఒక సర్వర్ పెట్టాలనుకున్నాం. సరుకు రాకపోకలు రాసే ప్రోగ్రామ్, లెక్కలు రాసే టాలీ రెండూ అందులోనే ఉంటాయి. కోల్డ్ స్టోరేజీలో 6 సిస్టమ్‌లు ఉన్నాయి, సీజన్‌లో పగలూ రాత్రీ కలిపి 18 మంది వాటి మీద పని చేస్తారు. యార్డు షాపులో 2 సిస్టమ్‌లు, ఐదుగురు గుమాస్తాలు. ఆఫీసులో నలుగురికి నాలుగు. ఇవి కాక నాకు, తమ్ముడికి, బాబాయికి, సీనియర్ అకౌంటెంటు గారికి ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. సర్వర్ అమ్మే ఒకాయన 31 యూజర్ లైసెన్సులు తీసుకోమన్నాడు. ఇంకొకాయన 16 డివైస్ లైసెన్సులు చాలన్నాడు. తమ్ముడేమో టాలీ గోల్డ్ కొన్నాం కదా, ఇక ఏదీ అక్కర్లేదంటున్నాడు. ఎవరి మాట వినాలి? పేరు వేయవద్దు.

జవాబు:

అమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత చెబుతాను. మీకు కావలసినవి 16 లైసెన్సులే. అయితే రెండో ఆయన చెప్పిన 16, నేను చెప్పే 16 ఒకటి కావు. ఆయన పదహారూ డివైస్ లైసెన్సులే అన్నాడు. మీకు 8 డివైస్, 8 యూజర్ కావాలి. వీటి పైన రిమోట్‌లో, అంటే దూరం నుంచి, పని చేయడానికి ఇంకో 13 కావాలి. వాటి మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, అంటే ఇద్దరిలో ఎవరూ చెప్పలేదన్నమాట. నాకు ఎక్కువ టెన్షన్ పుట్టించింది అదే. ఎందుకో కింద రాస్తాను.

మీ సర్వర్‌లో, అంటే అన్ని సిస్టమ్‌లూ పంచుకునే ఆ పెద్ద కంప్యూటర్‌లో, వేసేది మైక్రోసాఫ్ట్ వాళ్ళ విండోస్ సర్వర్ అనుకుంటున్నాను. దానికి రెండు రకాల డబ్బు కట్టాలి. ఒకటి సర్వర్‌కు. అది దాని ప్రాసెసర్ కోర్ల లెక్కన ఉంటుంది, చిన్న సర్వర్ అయినా కనీసం 16 కోర్లకు కట్టాలి. రెండోది ఆ సర్వర్‌ను వాడుకునే వాళ్ళకు. దీన్నే క్లయింట్ యాక్సెస్ లైసెన్స్ అంటారు, మా లైనులో క్యాల్ అని పిలుస్తాం. మీ వ్యాపారంలో చెప్పాలంటే కోల్డ్ స్టోరేజీ కట్టుకోవడానికి తెచ్చుకున్న అనుమతులు వేరు, లోపల పెట్టిన సరుకుకు రైతుకు ఇచ్చే బాండు వేరు కదా, అలాగన్నమాట. సర్వర్ కొన్నాం కాబట్టి క్యాల్ అందులోనే వచ్చేసిందనుకునేవాళ్ళు చాలామంది. స్టాండర్డ్ ఎడిషన్‌లో రాదు.

ఈ క్యాల్‌లో రెండు రకాలు ఉన్నాయి. యూజర్ క్యాల్ చేతి గడియారం లాంటిది. మనిషి ఎక్కడికి వెళితే అక్కడికి వస్తుంది. ఆ ఒక్క మనిషి ఆఫీసు సిస్టమ్, ల్యాప్‌టాప్, ఫోను, ఇంట్లో కంప్యూటర్, దేని మీద నుంచి సర్వర్‌లోకి వచ్చినా ఒక్క లైసెన్సే. డివైస్ క్యాల్ గోడ గడియారం. కదలదు. ఆ గదిలోకి ఎంతమంది వచ్చి టైము చూసుకున్నా అదొక్కటే చాలు. ఒక సిస్టమ్‌కు డివైస్ క్యాల్ ఉంటే దాని ముందు ఉదయం ఒకరు, సాయంత్రం ఒకరు, అర్ధరాత్రి ఇంకొకరు కూర్చున్నా లెక్క ఒకటే.

ఈ రెండూ కలిపి కొనుక్కోవచ్చు. ఒకే కంపెనీలో, ఒకే సర్వర్‌కు కొన్ని యూజర్, కొన్ని డివైస్ తీసుకోవడానికి మైక్రోసాఫ్ట్ నిబంధనల్లో ఎక్కడా అడ్డు లేదు. మీ ఇద్దరు అమ్మకందార్లూ అన్నీ ఒకే రకంగా రాయడానికి కారణం కొటేషన్‌లో ఒక వరసలో తేలిపోతుందనే తప్ప వేరే ఏమీ ఉండదు. మీరు ఒక్కో చోటును విడివిడిగా చూడాలి. ఆ చోట మనుషులు తక్కువా, సిస్టమ్‌లు తక్కువా? ఏది తక్కువైతే దానికి కొనాలి.

పోయిన సీజన్‌లో నేను మీ వైపే ఒక కోల్డ్ స్టోరేజీకి నెట్‌వర్క్ పని మీద వచ్చాను. కాటా దగ్గర సిస్టమ్ చూశాను. కీబోర్డు మీద పాలిథీన్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేశారు, లేకపోతే మిర్చి పొడి కీల సందుల్లోకి దిగి వారంలో పాడవుతుందట. కవరు మీద ఎంటర్ కీ ఉన్న చోట మాత్రం చిరిగిపోయి ఉంది. ముక్కుకు తువ్వాలు కట్టుకున్న కుర్రాడు ట్రాక్టరు నుంచి దిగిన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కాటా మీద పెట్టిస్తూ, రైతు పేరు, ఊరు, రకం తేజానా 334నా, బరువు ఎంత, అన్నీ కొట్టి చీటీ తీస్తున్నాడు. రాత్రి తొమ్మిదింటికి ఇంకో కుర్రాడు వచ్చాడు. మొదటివాడు లేచాడు, రెండోవాడు అదే స్టూలు మీద కూర్చుని అదే చిరిగిన చోట వేలు పెట్టి మొదలుపెట్టాడు. బయట గేటు దగ్గర ఇంకా పదిహేను ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి. తెల్లవారుజామున మూడో అతను వస్తాడన్నారు.

ఆ కాటా దగ్గర యూజర్ క్యాల్ కొంటే ముగ్గురికి మూడు కొనాలి. డివైస్ అయితే ఒకటి. మీ కోల్డ్ స్టోరేజీలో 18 మందికి 6 సిస్టమ్‌లే కాబట్టి అక్కడ 6 డివైస్ క్యాల్స్ తీసుకోండి. సీజన్‌కు వచ్చే కుర్రాళ్ళు మధ్యలో మానేసినా, కొత్తవాళ్ళు చేరినా, రద్దీ పెరిగి 18 మంది కాస్తా 24 అయినా మీరు పైసా ఎక్కువ కట్టక్కర్లేదు. మొదటి ఆయన 31 రాశాడంటే అందులో ఈ 18 మందిని కూడా మనుషుల లెక్కనే కలిపాడు. అక్కడే 12 లైసెన్సులు ఎక్కువ పడ్డాయి.

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. చాలా ఏళ్ళ కిందట విజయవాడలో ఒక డయాగ్నస్టిక్ సెంటరుకు సర్వర్ పెట్టించాను. వాళ్ళు ఇచ్చిన స్టాఫ్ లిస్టు చూసి, మనిషికొకటి చొప్పున యూజర్ క్యాల్స్ తీసుకోమని నేనే రాసిచ్చాను. ఆఫీసులో కూర్చుని రాసిచ్చాను, వెళ్ళి చూడలేదు. తర్వాత ఒక రాత్రి ఏదో సమస్య వస్తే వెళ్ళాను. రిజిస్ట్రేషన్ కౌంటరులో డ్యూటీ దిగే అమ్మాయి తన బాటిల్, చున్నీ తీసుకుని లేచింది, ఎక్కే అమ్మాయి కుర్చీ ఎత్తు సరిచేసుకుని కూర్చుంది. శాంపిల్ రూములో కూడా అంతే. మూడు షిఫ్టుల్లో అంతమంది వాడేది కొద్దిపాటి సిస్టమ్‌లే. నా మాట నమ్మి వాళ్ళు అవసరానికి రెట్టింపు కంటే ఎక్కువే కట్టారు. ఒకసారి కొన్న యూజర్ క్యాల్‌ను తర్వాత డివైస్ క్యాల్‌గా మార్చుకోవడం మామూలుగా కుదరదు. సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ అని అదనంగా కట్టే పథకం ఉంటే దాన్ని రెన్యూవల్ చేసే సమయంలో మార్చుకోనిస్తారు, వాళ్ళకు అది లేదు. ఆ డబ్బు పోయినట్టే. అప్పటి నుంచి ఎవరికైనా లెక్క చెప్పే ముందు ఆ చోట ఒక పూట కూర్చుంటున్నాను. మీ దగ్గరకు ఇప్పుడు రాలేను కాబట్టి ఆ పని మీరే చేయాలి. ఒక నోటుబుక్కులో ఒక్కో సిస్టమ్‌కు ఒక పేజీ పెట్టి, రోజంతా దాని ముందు ఎవరెవరు కూర్చున్నారో రాయించండి. మళ్ళీ ఒక్కో మనిషికి ఒక పేజీ పెట్టి, అతను ఎన్నిచోట్ల నుంచి సర్వర్ తెరుస్తాడో రాయించండి. ఫోనుతో సహా.

ఫోనుతో సహా అని ఎందుకన్నానంటే, రెండో ఆయన 16 లెక్క తప్పింది అక్కడే. 12 డెస్క్‌టాప్‌లు, 4 ల్యాప్‌టాప్‌లు కలిపి 16 అన్నాడు. మీ బాబాయిగారు యార్డులో వేలం పాటల దగ్గర నిలబడి, చాంబరులో ఎన్ని టిక్కీలున్నాయో ఫోనులో సర్వర్ తెరిచి చూస్తారా? అలా చూస్తే ఆ ఫోను కూడా ఒక డివైసే. మీ అకౌంటెంటు గారు నెలలో 11వ తేదీకి జీఎస్‌టీఆర్-1, 20వ తేదీకి జీఎస్‌టీఆర్-3బీ అనే జీఎస్టీ రిటర్నులు వేయాలని ఇంటి దగ్గర రాత్రి పదింటికి కూర్చుంటే ఆ ఇంటి కంప్యూటర్ ఇంకో డివైస్. నలుగురికీ ఫోన్లు, ఇద్దరు ముగ్గురికి ఇంటి సిస్టమ్‌లు కలిపితే ఆయన 16 కాస్తా పాతిక దగ్గరకు వెళుతుంది. కొన్నది 16, వాడేది 23 అయితే మీరు తెలియకుండానే తప్పులో ఉంటారు. తిరిగే మనుషులకు డివైస్ లెక్క ఎప్పుడూ పనికిరాదు. కాబట్టి మీ నలుగురికీ 4 యూజర్ క్యాల్స్.

యార్డు షాపులో ఐదుగురు గుమాస్తాలకు 2 సిస్టమ్‌లే ఉన్నాయి, 2 డివైస్ చాలు. ఆఫీసులో నలుగురికి నాలుగు. ఇక్కడ రెండు లెక్కలూ సమానమే, ఏదైనా తీసుకోవచ్చు. నేనైతే యూజర్ అంటాను. ఆఫీసు పని ఇంటికి పాకడం ఎంతసేపు? ఈ రోజు ఎవరూ ఇంటి నుంచి చేయకపోయినా, మార్చి నెలాఖరుకు కనీసం ఇద్దరు చేస్తారు. అలా కోల్డ్ స్టోరేజీ 6, షాపు 2 కలిపి 8 డివైస్, ఆఫీసు 4, మీరు 4 కలిపి 8 యూజర్.

మీరు ఒకే మనిషిని రెండుచోట్ల లెక్కపెట్టకుండా చూసుకోండి. మీ అకౌంటెంటు గారు కోల్డ్ స్టోరేజీకి వెళ్ళి అక్కడి సిస్టమ్ ముందు కూర్చున్నా కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. ఆయనకు యూజర్ ఉంది, ఆ సిస్టమ్‌కు డివైస్ ఉంది, ఏ ఒక్కటున్నా చాలు. అదే ఒక షాపు గుమాస్తా తన సొంత ఫోనులో సర్వర్ తెరిస్తే అతనికీ లేదు, ఆ ఫోనుకూ లేదు. అది కుదరదని షాపులో ముందే చెప్పండి.

ఇక నన్ను కంగారు పెట్టిన సంగతి. సర్వర్ కోల్డ్ స్టోరేజీలో ఉంటుందన్నారు. అక్కడి 6 సిస్టమ్‌లు అదే నెట్‌వర్క్‌లో ఉన్నాయి కాబట్టి ప్రోగ్రామ్‌ను వాటిలోనే ఇన్‌స్టాల్ చేసి సర్వర్‌లోని డేటాను వాడుకోవచ్చు. వాటికి మామూలు క్యాల్ సరిపోతుంది. యార్డు నుంచి, అరండల్‌పేట నుంచి, మీ ల్యాప్‌టాప్‌ల నుంచి మాత్రం ఇంటర్నెట్ మీద రిమోట్ డెస్క్‌టాప్‌లో వస్తారు, అంటే సర్వర్ తెరనే మీ ముందు తెరుచుకుని పని చేస్తారు. దానికి మామూలు క్యాల్ పైన రిమోట్ డెస్క్‌టాప్ క్యాల్ అని ఇంకొకటి విడిగా కొనాలి. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోకండి, రెండూ ఉండాలి. కోల్డ్ స్టోరేజీ ప్రోగ్రామ్ రాసినవాళ్ళను మాత్రం ఒక మాట అడగండి, అది ఇలా సిస్టమ్‌లలో పెట్టుకుని నడుస్తుందా, సర్వర్ మీదే తెరవాలా అని. సర్వర్ మీదే తెరవాలంటే కింద చెప్పే లెక్క మారుతుంది.

రిమోట్ క్యాల్‌లో కూడా యూజర్, డివైస్ అని రెండు రకాలున్నాయి. ఇక్కడ మామూలు క్యాల్‌లో ఉన్నంత వెసులుబాటు ఉండదు. రిమోట్ సెషన్లు నడిపే సర్వర్‌ను ఏదో ఒక పద్ధతికే సెట్ చేయాలి, పర్ యూజర్ అంటే అందరికీ పర్ యూజర్, పర్ డివైస్ అంటే అందరికీ పర్ డివైస్. మీ దగ్గర తిరిగేవాళ్ళు ఉన్నారు కాబట్టి పర్ యూజర్ పెట్టండి. ఆఫీసు 4, మీరు 4, షాపు గుమాస్తాలు 5, మొత్తం 13. షాపులో ఐదుగురూ నిజంగా సిస్టమ్ ముట్టుకుంటారా, లేక ఇద్దరు ఎంట్రీ చేస్తే ముగ్గురు సరుకు దగ్గర ఉంటారా అన్నది చూడండి. ఇద్దరే అయితే 10 సరిపోతాయి. ఐదుగురూ చేస్తూ, ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో నడిపితే మాత్రం లెక్క తగ్గదు. లైసెన్సు వాడే మనిషికి, లాగిన్ పేరుకు కాదు. పైగా రేపు ఒక చీటీలో బరువు తేడా వస్తే ఎవరు కొట్టారో తెలియదు. రైతు ముందు తల ఎత్తుకునేది ఎలా?

పర్ యూజర్ పద్ధతికి ఇంకొక షరతు ఉంది. సర్వర్‌ను డొమైన్‌లో పెట్టాలి, అంటే అందరి పేర్లూ, పాస్‌వర్డ్‌లూ యాక్టివ్ డైరెక్టరీ అనే ఒకే జాబితాలో ఉండాలి. కొందరు ఆ శ్రమ తప్పించుకోవడానికి ఉత్త వర్క్‌గ్రూప్‌లో, అంటే అలాంటి ఉమ్మడి జాబితా లేకుండా, పెట్టేస్తారు. విండోస్ సర్వర్ 2019, ఆ తర్వాతి వెర్షన్లలో వర్క్‌గ్రూప్‌లో పర్ యూజర్ పెడితే గంటకొకసారి సెషన్ తెగిపోతుంది. స్టాండర్డ్ ఎడిషన్ లైసెన్సుతో ఒకే మిషన్‌లో రెండు వర్చువల్ సర్వర్లు, అంటే ఒకే పెట్టెలో రెండు వేరువేరు సర్వర్లలా పని చేసేవి, నడుపుకోవచ్చు. ఒకదాన్లో డొమైన్, డేటా, రెండోదాన్లో రిమోట్ సెషన్లు పెట్టమనండి. దీనికి కొత్తగా సర్వర్ లైసెన్సు కొనక్కర్లేదు, మెమరీ మాత్రం కాస్త ఎక్కువ వేయించుకోండి.

అమ్మకందార్లు ఈ రిమోట్ క్యాల్ మాట ఎందుకు ఎత్తరో చెబుతాను. రిమోట్ సర్వీసు పెట్టిన రోజు నుంచి 120 రోజులు లైసెన్సు లేకపోయినా నడుస్తుంది. ఆ గడువులో అంతా సవ్యంగానే కనిపిస్తుంది, బిల్లు డబ్బులు కూడా వచ్చేస్తాయి. విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల వ్యాపారం చేసే ఒకాయనకు ఇలాగే పెట్టారు. నవంబరు 27న మొదలుపెట్టారు. మార్చి 27 నుంచి బ్రాంచిల్లో ఎవరికీ సర్వర్ తెరుచుకోలేదు. ఆర్థిక సంవత్సరం ఇంకా నాలుగు రోజులుంది, బిల్లింగ్ ఆగిపోయింది, లెక్కలు ఆగిపోయాయి. నాకు ఫోను చేసినప్పుడు ఆయన గొంతు వణుకుతోంది, సర్వర్ కాలిపోయిందనుకున్నారు పాపం. పెట్టినవాళ్ళు ఫోను ఎత్తలేదు. రోజులు లెక్కపెట్టి చూస్తే సరిగ్గా 120. మీరు నవంబరులోనో డిసెంబరులోనో పెడితే ఆ 120 రోజులు ఎక్కడ ముగుస్తాయో వేళ్ళ మీద లెక్కేసుకోండి. మార్చి, ఏప్రిల్. యార్డు టిక్కీలతో నిండిపోయే రోజులు. అందుకే ఆ 13 గురించి అంత గట్టిగా చెబుతున్నాను.

మీ తమ్ముడి మాటకు వస్తాను. అతను అడిగినదాంట్లో తప్పేమీ లేదు, టాలీ గోల్డ్ అనగానే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. సిల్వర్ ఒక్కరికి, గోల్డ్ ఒకే నెట్‌వర్క్‌లో ఎంతమందికైనా. కానీ ఆ ఎంతమందికైనా అన్న మాట టాలీ వరకే. టాలీ వాళ్ళు మైక్రోసాఫ్ట్ తరపున మాట ఇవ్వలేరు కదా. టాలీ డేటా విండోస్ సర్వర్ మీద ఉంది కాబట్టి ఆ సర్వర్‌ను ముట్టుకునే ప్రతివాళ్ళకూ విండోస్ క్యాల్ కావాలి. ఇంకో మాట, ఎవరైనా వచ్చి అందరూ ఒకే సిస్టమ్ గుండా సర్వర్‌లోకి వెళ్ళేలా చేస్తాను, ఒక్క లైసెన్సుతో సరిపోతుందంటే నమ్మకండి. మధ్యలో ఏది పెట్టినా చివర ఉన్న మనుషుల్నో, సిస్టమ్‌లనో లెక్కపెట్టాల్సిందే. ఎక్సెల్ కూడా ఇంతే, ఒక్క సిస్టమ్‌కని కొన్న ఆఫీస్‌ను తెచ్చి రిమోట్ సర్వర్‌లో వేసి అందరూ వాడకూడదు. ఎక్సెల్ ఎవరి సిస్టమ్‌లో వాళ్ళు ఉంచుకోండి. యాంటీవైరస్‌కు ఇంత చర్చ లేదు, సిస్టమ్‌కు ఒకటి.

అసలేమీ కొనకపోతే ఏమవుతుంది? మామూలు క్యాల్ సర్వర్‌లో ఇన్‌స్టాల్ చేసేది కాదు, కాగితం మీద ఉండేది. కొనకపోయినా సర్వర్ ఆగదు. రిమోట్ మాత్రం 120 రోజుల తర్వాత ఆగుతుంది, అప్పుడు ఎవరో ఒక కుర్రాడు వచ్చి ఒక ఫైలు మార్చి మళ్ళీ నడిపిస్తాడు. విండోస్ ప్రో సిస్టమ్‌లో ఇలా ఫైలు మార్చి పదిమందిని రిమోట్‌లో కూర్చోబెట్టడం మన ఊళ్ళల్లో మామూలైపోయింది. నేను దీన్ని ఎవరికీ చేయను, చేయమని చెప్పను. ఒకటి, విండోస్ అప్‌డేట్ వచ్చిన రోజున అది పడిపోతుంది. రెండు, ఎవరు రాశారో తెలియని ఫైలుకు మీ రైతుల బాండ్ల లెక్కలన్నీ అప్పగించినట్టే. మూడు, చట్టం. దొంగ కాపీ అని తెలిసి సాఫ్ట్‌వేర్ వాడితే 1957 కాపీరైట్ చట్టం 63బీ సెక్షన్ కింద కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. మీ నాన్నగారు ఇన్నేళ్ళు ఒక్కో చీటీ మీద నిలబెట్టుకున్న పేరు అది. మిమ్మల్ని భయపెట్టాలని కాదు, తమ్ముడికి ఈ మూడూ తీరికగా చెప్పండి, అర్థం చేసుకుంటాడు.

సీజన్ అయిపోయి మనుషులు వెళ్ళిపోతే లైసెన్సు ఏమవుతుందని మీరు అడగలేదు గానీ తప్పకుండా వచ్చే సందేహమే. మీ కోల్డ్ స్టోరేజీలో డివైస్ క్యాల్స్ కాబట్టి ఏమీ కాదు. యూజర్ క్యాల్ ఉన్న మనిషి మానేస్తే అతనిది కొత్త మనిషికి ఇవ్వవచ్చు, అయితే ఒకరికి ఇచ్చాక 90 రోజుల లోపు ఇంకొకరికి మార్చకూడదు. సెలవు మీద వెళ్ళినవాళ్ళ బదులు తాత్కాలికంగా వచ్చిన మనిషి వాడుకోవచ్చు. సిస్టమ్ పూర్తిగా పాడైతే 90 రోజులు ఆగక్కర్లేదు, కొత్త సిస్టమ్‌కు వెంటనే మార్చుకోవచ్చు. కాటా దగ్గర సిస్టమ్‌ల ఆయుష్షు మీకు తెలిసిందే. ఎవరి లైసెన్సు ఎవరికి, ఏ తేదీ నుంచి అన్నది ఆ నోటుబుక్కులోనే చివరి పేజీల్లో రాసుకుంటూ ఉండండి. ఎవరైనా అడిగితే చూపించాల్సింది ఆ పేజీలు, బిల్లులు, లైసెన్సు కాగితాలే.

వెర్షన్ సంగతి కూడా చూసుకోండి. కొత్త వెర్షన్ క్యాల్‌తో పాత సర్వర్ వాడుకోవచ్చు, పాత క్యాల్‌తో కొత్త సర్వర్ వాడకూడదు. సర్వర్ 2025 ఇచ్చి, చవకగా వస్తున్నాయని 2019 క్యాల్స్ అంటగట్టారంటే అవి మీకు చెల్లవు.

ఈ ఉత్తరం చదివి బెంగ పెట్టుకునే చిన్న దుకాణాల వాళ్ళు ఉంటారు, వాళ్ళకొక మాట. ఒకే గదిలో ఐదారు సిస్టమ్‌లుండి, ఒక ఫోల్డరో టాలీ డేటానో అందరూ పంచుకోవడమే మీ అవసరమైతే సర్వరే అక్కర్లేదు. విండోస్ 11 ప్రో ఉన్న ఒక మంచి సిస్టమ్‌లో డేటా పెట్టుకుని, 20 డివైస్‌ల వరకు ఫైళ్ళు పంచుకోవచ్చు, దానికి క్యాల్ అవసరం లేదు. గవర్నర్‌పేటలో, బీసెంట్ రోడ్డులో ఎన్నో షాపులు అలాగే హాయిగా నడుస్తున్నాయి. సర్వరో, రిమోటో కావాలన్నప్పుడే ఈ లెక్కలన్నీ మొదలవుతాయి.

అమ్మా, ఇప్పుడు ఇద్దరికీ మళ్ళీ కొటేషన్ పంపమనండి. అందులో మూడు వరసలు విడివిడిగా ఉండాలి. విండోస్ సర్వర్ స్టాండర్డ్, ఎన్ని కోర్లకు, ఏ వెర్షన్. అదే వెర్షన్ క్యాల్స్, డివైస్ 8, యూజర్ 8. రిమోట్ డెస్క్‌టాప్ యూజర్ క్యాల్స్ 13, లేదా మీ నోటుబుక్కు చెప్పినన్ని. మూడింటి మీదా 18 శాతం జీఎస్టీ విడిగా చూపించాలి, బిల్లు మీ సంస్థ పేరుతో, మీ జీఎస్టీ నంబరుతో ఉండాలి. మీకు పన్ను మినహాయింపు ఉన్న ఆదాయం ఏదైనా ఉంటే ఆ మేరకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అది అకౌంటెంటు గారితో ముందే చూసుకోండి. లైసెన్సు కాగితం కూడా మీ సంస్థ పేరుతోనే రావాలి, వాట్సాప్‌లో పంపిన పాతిక అక్షరాల, అంకెల కీ ఒక్కటీ తీసుకుని ఊరుకోకండి. ఈ మూడూ కలిపేసి సర్వర్ సాఫ్ట్‌వేర్, 1 నెంబరు అని ఒకే వరసలో రాసి పంపితే ఆ కాగితం వెనక్కి పంపండి, ఎంత తక్కువ రేటు వేసినా సరే.